గంటసేపు తెరిచి ఉంచిన పెట్టె

హస్కెల్ ఫోర్డ్, న్యూ హాంప్‌షైర్
మార్చి 13, 1974

ఒరేయ్ విన్,

గెలిచాం. ముందు ఆ మాట రాసేసి తర్వాత నీ కుశలం అడుగుతాను. టానరీ వాగు మీద వంతెన కట్టడానికి ఊరు అప్పు చెయ్యాలని నిన్న ఊరి ఓటర్ల మార్చి సభలో తేలిపోయింది. ఔనన్న చేతులు ఎనభై ఎనిమిది, కాదన్నవి ఇరవై ఒకటి. మూడింట రెండొంతులు చాలంటే అంతకు మించే వచ్చాయి. ఇన్నేళ్ళుగా సభ నడిపే మోడరేటర్ బల్ల దగ్గర నిలబడి సుత్తి కొడుతున్నాను గానీ నిన్నటిలాంటి రోజు ఇంకోటి లేదు.

పోయిన జూన్ వరదలో పాత వంతెన కొట్టుకుపోయిన దగ్గర్నుంచి మీ చెల్లి రోడా పడే అవస్థ నీకు తెలుసు. మా వంటింటి కిటికీలోంచి చూస్తే వాగు అవతల దాని ఇంటి పొగగొట్టం కనిపిస్తుంది. వెళ్ళాలంటే మాత్రం పక్క ఊరు చుట్టి పదిహేడు మైళ్ళు. సెప్టెంబరు చివర్లో దానికి పురుడు. ఈలోపల వంతెన లేవకపోతే, నొప్పులొచ్చిన రోజున ఆ చుట్టుదారిలో ఏమవుతుందో అని నాకు కంటి మీద కునుకు ఉండదు. అవతలి ముప్పై ఇళ్ళవాళ్ళదీ ఇదే గోడు అనుకో. కానీ తల్లిని గదా, ముందు నా బిడ్డే గుర్తొస్తుంది.

సభ బ్రహ్మాండంగా జరిగింది. మధ్యాహ్నం చర్చి ఆడవాళ్ళు బీన్సూ, బ్రౌన్ బ్రెడ్డూ, రకరకాల పళ్ళ పైలూ పెట్టారు. ఒక్క ఎబెన్ స్టిక్నీ మాత్రం యథాప్రకారం అడ్డం తిరిగాడు. ముసలాయనకి తొంభై ఒకటి. ఊళ్ళో అందరికన్నా పెద్దవాళ్ళకిచ్చే బంగారు పిడి చేతికర్ర ఇప్పుడు ఆయన దగ్గరే ఉంది, దాంతో నేల మీద కొట్టి మరీ మాట్లాడాడు. తాతలనాడు ఊరు రైలు కోసం బాండ్లు అమ్మిందనీ, ఆ రైలు రానేలేదనీ, కూతైనా వినని రైలుకి వాళ్ళ నాన్న ముసలివాడయ్యేదాకా పన్ను కట్టాడనీ మళ్ళీ మొదలుపెట్టాడు. "ఈ అప్పు తీర్చేవాళ్ళలో సగం మంది ఇంకా పుట్టనే లేదు. వాళ్ళనెవరు అడిగారు?" అన్నాడు. తమాషా ఏమిటంటే ఆయన కాపురం వాగు అవతలే. చుట్టుదారిలో నడుములు విరిగేవాళ్ళలో ఆయనా ఒకడు.

అప్పటికే మంచు మొదలైంది. అవతలివాళ్ళు వెలుతురుండగా బయల్దేరాలి. ఇవతల సగం మందికి పొయ్యి మీద పాకం కోసం మేపుల్ చెట్ల రసం మరుగుతోంది. చీటీలు పంచి, పెట్టె పెట్టి, గంటసేపు కూర్చుంటే ఎవరిల్లు ఎప్పుడు చేరతారు? అందుకని చేతులెత్తించి, లెక్కపెట్టి, సుత్తి కొట్టేశాను. ఒక్కరూ అభ్యంతరం చెప్పలేదు. ఎలా ఉంది మీ పెద్దమ్మ తెలివి?

బాండ్లు చట్టప్రకారమే ఉన్నాయని సంతకం పెట్టేది మీ లాయర్ల ఆఫీసే కాబట్టి కాగితాలు నీ బల్ల మీదికే వస్తాయని ఊరి క్లర్కు చెప్పింది. మీ సంతకం లేనిదే బాస్టన్ బ్యాంకు ఒక్క సెంటు విదల్చదట. త్వరగా కానియ్యి. ఈ ఏటి మొదటి మరుగు పాకం ఒక డబ్బా పంపుతున్నాను. లంచం అనుకోకు, అనుకున్నా తినెయ్యి.

ప్రేమతో,
పెద్దమ్మ

*

బాస్టన్
మార్చి 18, 1974

పెద్దమ్మా,

పాకం అందింది. ఇంకా మూత తియ్యలేదు. ఎందుకో ఈ ఉత్తరం చదివితే నీకే తెలుస్తుంది.

క్లర్కు పంపిన కాగితాలు ముందే వచ్చాయి. "మూడింట రెండొంతుల ఓటుతో ఆమోదం" అని ఉంది, అంతే. ఓటు ఎలా వేశారో రాయలేదు. మన ఊరి పేరు చూసి పొంగిపోయి సంతకాల దొంతరలో పెట్టాను. తర్వాత నీ ఉత్తరం వచ్చింది.

ఒక్క ప్రశ్న. ఓటు చీటీల మీద వేశారా, చర్చ అయ్యాక పెట్టె గంటసేపు తెరిచి ఉంచారా? జవాబు నువ్వే రాశావు. అయినా అడగడం నా పని. ఊరు బాండ్లు అమ్మి అప్పు చెయ్యాలంటే చట్టం ఆ రెండూ ఉండి తీరాలంటుంది. చేతులెత్తి ఒప్పుకున్న అప్పు అప్పు కాదు. ఈ ఓటు మీద నేను సంతకం పెట్టలేను, పెద్దమ్మా. నేనే కాదు, ఎవరూ పెట్టరు.

రోడా గురించి నాకు మాత్రం బెంగ లేదనుకోకు.

నీ విన్

*

హస్కెల్ ఫోర్డ్
మార్చి 21, 1974

మిస్టర్ విన్స్‌లో గారికి,

నీ ఉత్తరం పోస్టాఫీసు గుమ్మంలోనే నిలబడి చదివాను. పోస్టుమాస్టరు నన్ను కూర్చోబెట్టి మంచినీళ్ళిచ్చాడు. నీకు ముక్కు తుడవడం నేర్పినదాన్ని, నాకు నువ్వు సభ నడపడం నేర్పుతున్నావు.

ఇది నీ బుర్రలో పుట్టిన మాట కాదని నాకు తెలుసు. సభ అయిన మూడోనాడు ఎబెన్ స్టిక్నీ బాస్టనుకి ఒక మందపాటి కవరు పోస్టు చేశాడు. రిజిస్టర్డు. ఊరంతా చూసింది. ఇక్కడ ఓడిపోయి అక్కడ నీ చెవిలో ఊదాడన్నమాట. ఆ ముసలాడి మాట విని సొంత చెల్లెల్ని వాగులో ముంచుతావా?

క్లర్కు కాగితంలో తప్పేం లేదు గదా. నేను నీకు ఇంటి కబుర్లు రాశాను, ఆఫీసుకి వాంగ్మూలం ఇవ్వలేదు. ఆ ఉత్తరం పొయ్యిలో పడేసి నీ పని నువ్వు చూసుకో. మంచులో ఎనభై ఎనిమిది మంది ఎత్తిన చేతులు నీ కంటికి ఆనలేదా? ఇంత చిన్నదానికి ఇంత పెద్ద రాద్ధాంతం ఎందుకో నాకు కొంతైనా అర్థమయ్యేలా చెప్పు, చేతనైతే.

రోడాకి ఇంకా చెప్పలేదు. ఏ మొహం పెట్టుకుని చెప్పను?

ఆల్థియా కార్లిస్,
మోడరేటర్

*

బాస్టన్
మార్చి 25, 1974

పెద్దమ్మా,

మోడరేటర్ గారికి కాదు, మా పెద్దమ్మకే రాస్తున్నాను.

ఎబెన్ తాత దగ్గర్నుంచి మా ఆఫీసుకి ఒక్క ముక్క కూడా రాలేదు. ఆ కవరు ఎక్కడికి వెళ్ళిందో నాకు తెలియదు. చెప్పింది నువ్వే, నీ చేత్తోనే. దాన్ని పొయ్యిలో వేస్తే కాగితం కాలుతుంది, నేను చదివింది కాలదు గదా. మా ఆఫీసు పెద్దాయన మిస్టర్ లోథ్రాప్‌కి ఆ రోజే చెప్పేశాను.

చేతనైతే చెప్పమన్నావు కాబట్టి చెబుతాను. ఊరికి సొంత అధికారమంటూ ఏదీ లేదు. రాష్ట్రం చట్టం చేసి పుట్టించింది, చేతిలో ఏ అధికారం పెడితే అదే దానిది. అప్పు చేసే అధికారం ఇస్తూనే కళ్ళెం కూడా వేసింది. ఊరి ఆస్తుల విలువలో ఇంత శాతం దాటి అప్పు ఉండకూడదు. మూడింట రెండొంతుల మంది ఒప్పుకోవాలి. చీటీల మీద ఒప్పుకోవాలి. పెట్టె గంటసేపు తెరిచి ఉండాలి. ఇందులో ఏది తప్పినా ఆ బాండు ఉత్త కాగితం. నేను కళ్ళు మూసుకుని సంతకం పెట్టాననుకో. వంతెన సగం లేచాక పన్ను కట్టేవాళ్ళలో ఎవరో ఒకరు కోర్టుకెక్కితే చాలు, డబ్బు ఆగుతుంది, పని ఆగుతుంది. రోడా ఇంటి ముందు సగం వంతెన నిలబడి ఉంటుంది. అప్పుడు చేతులు కాలాక ఆకులు పట్టుకున్నట్టే.

ఈ షరతులు ఊళ్ళని వెధవల్ని చెయ్యడానికి పెట్టలేదు. ఎబెన్ తాత చెప్పే రైలు లాంటివి దేశంలో చాలా ఊళ్ళకి రాలేదు. అప్పులు మాత్రం వచ్చాయి. అప్పు చేసే రోజున ఊరు ఊరంతా హుషారుగా ఉంటుంది. జీతమిచ్చేవాడు పక్కన కూర్చున్నప్పుడు లేచే చెయ్యి ఎవరి ఇష్టంతో లేచిందో ఎవరికి తెలుసు? చీటీ అందుకోసం. ఆ గంట మనసు మార్చుకునేవాడి కోసం, ఆలస్యంగా వచ్చేవాడి కోసం.

మళ్ళీ సభ పెట్టొచ్చు. అయితే ఇంకో మెలిక ఉంది. మార్చి సభ కాకుండా వేరే సభలో ఊరి డబ్బు ఖర్చు చెయ్యాలంటే, జాబితాలో ఉన్న ఓటర్లలో సగం మందైనా వచ్చి చీటీ వెయ్యాలి. ఒక్కరు తగ్గినా చెల్లదు. మొన్న సభకి వచ్చినవాళ్ళు నూట తొమ్మిది మంది, ఔనా? జాబితాలో ఎంతమంది ఉన్నారో చూడు.

నీ విన్

*

హస్కెల్ ఫోర్డ్
మార్చి 29, 1974

ఒరేయ్ విన్,

నాలుగు వందల పన్నెండు. సగం అంటే రెండు వందల ఆరు. ఈ ఊళ్ళో అంతమంది ఒకచోట చేరడం నేను ఎప్పుడూ చూడలేదు, అంత్యక్రియలతో కలిపి.

కోపం తగ్గలేదు, కానీ పని మొదలుపెట్టాను. ఊరి పెద్దలు ముగ్గుర్నీ కూర్చోబెట్టి సభ నోటీసు రాయించాను. టౌన్‌హాలు తలుపుకీ, కొట్టు గోడకీ అంటించాం. ఏప్రిల్ 20, శనివారం. మంచు కరిగే నిండు బురదకాలం. అంతకన్నా ఆగితే వంతెన కట్టేవాళ్ళు వేరే ఊరి పని ఒప్పుకుంటారట, ఇక వచ్చే ఏడాదే.

ఒక మాట ఒప్పుకుంటాను, ఎగతాళి చెయ్యకు. మొన్న రంపపు మిల్లులో పనిచేసే ఒకావిడ నాకు గుడ్లు అమ్మడానికి వచ్చి, సభలో తను చెయ్యి ఎత్తింది మిల్లు యజమాని పక్కన కూర్చున్నాడనే అంది. చీటీ అయితే ఏమని రాసేదానివని అడిగాను. "అది చీటీకే చెబుతాను" అంది. అలాంటివాళ్ళు ఇంకెంతమంది ఉన్నారో?

నాకు కార్లు కావాలి, తోలేవాళ్ళు కావాలి. ముసలివాళ్ళని, నడవలేనివాళ్ళని ఇళ్ళ దగ్గర్నుంచి తీసుకురావాలి. శుక్రవారం సాయంత్రానికల్లా నువ్వు కారేసుకుని వచ్చెయ్యి. నీ గదిలో పక్క వేసి ఉంచుతాను. వస్తే పాత పద్దులన్నీ చెల్లు.

పెద్దమ్మ

*

బాస్టన్
ఏప్రిల్ 3, 1974

పెద్దమ్మా,

రాలేను. ఆ ఓటు మీద సంతకం పెట్టే ఆఫీసులోనివాణ్ణి నేను. ఓటర్లని నా కార్లో ఎక్కించుకొచ్చి, సోమవారం ఆఫీసుకి వెళ్ళి అంతా సక్రమంగా జరిగిందని రాయడం కుదరదు. కావాలంటే దూరం నుంచి సలహా చెబుతాను. చీటీలు ఒకే కొలతలో కత్తిరించండి. చర్చ ముగిసిన సమయం, పెట్టె మూసిన సమయం క్లర్కు చేత రాయించు.

కోప్పడకు.

విన్

*

హస్కెల్ ఫోర్డ్
ఏప్రిల్ 12, 1974

విన్,

నీ సలహా అందింది. చీటీలు ఒకే కొలతలో కత్తిరిస్తాం. చేతికి మట్టి అంటకుండా సలహాలు చెప్పడం బాస్టన్‌లో బాగానే నేర్పుతారని రోడా అంది. నేను అనలేదు, అది అంది. నేను దాన్ని వారించనూ లేదు.

ఇక్కడ సంగతి బాగాలేదు. గడపగడపకీ తిరుగుతున్నాను. వస్తామన్నవాళ్ళని వేళ్ళ మీద లెక్కేసుకుంటే నూట తొంభై దగ్గర ఆగిపోతోంది. కాదన్న ఇరవై ఒక్క మందికీ ఇప్పుడు కిటుకు తెలిసిపోయింది. వచ్చి కాదని వెయ్యనక్కర్లేదు, ఇంట్లో కాళ్ళు చాపుకుని కూర్చుంటే చాలు, సభ దానంతటదే కూలిపోతుంది. మీ చట్టం మాకు పెట్టిన ముడి ఇది. గోరుచుట్టు మీద రోకటిపోటు అంటే ఇదే.

వాళ్ళందరూ ఎబెన్ ఎటు నడిస్తే అటు నడుస్తారు. అందుకని నిన్న సిగ్గు విడిచి, ఆ పదిహేడు మైళ్ళూ బురదలో ఈదుకుంటూ ఆయన ఇంటికి వెళ్ళాను. రెండుచోట్ల కారు కూరుకుపోయింది. ముసలాయన చెవికి కొత్తగా మిషను పెట్టుకుని ఉన్నాడు. పాతది బాగుచెయ్యమని బాస్టనుకి పంపితే కొత్తది పంపారట. నేను నిన్ను ఆడిపోసుకున్న రిజిస్టర్డు కవరు అదే.

నువ్వు రాసిన ఉత్తరం, ఆ కళ్ళేలూ షరతులూ ఉన్నది, నాతో తీసుకెళ్ళాను. చదవమంటే చదివి వినిపించాను. ఆయన కళ్ళు మూసుకుని విన్నాడు. అయ్యాక, "మీ వంశంలో బుర్ర ఉన్నవాడు వీడొక్కడే అమ్మాయ్" అన్నాడు. అరవై మూడేళ్ళదాన్ని, నన్ను ఇంకా అమ్మాయ్ అనేది ఆయనొక్కడే. సభకి వస్తారా అని అడిగాను. వస్తే కాదనే వేస్తానన్నాడు. అది నాకు తెలుసు, అసలు వస్తారా రారా అని అడిగాను. కర్ర వంక చూసుకుంటూ, "ఆలోచించాలి" అన్నాడు. ఆయన కోడలు నాకు డోనట్లు మూటకట్టి ఇచ్చింది. దారంతా ఏడ్చుకుంటూ తిన్నాను.

పెద్దమ్మ

*

బాస్టన్
ఏప్రిల్ 16, 1974

పెద్దమ్మా,

రోడా మాట తగిలింది. అది అన్నదాంట్లో సగం నిజమని నాకూ అనిపించింది కాబట్టి ఇంకా తగిలింది. శనివారం నేను ఇక్కడ గదిలో కూర్చుని గోళ్ళు కొరుక్కుంటూ ఉంటాను. బురదలో ఈదడం నయం.

ఒకటి గుర్తుచేస్తాను. అమ్మ చనిపోయిన ఏడాది నువ్వు నాకు పేకాట నేర్పావు. గెలిచానని గంతులేస్తే, నా ముక్కలు బల్ల మీద పరచమని మళ్ళీ మొదట్నుంచి లెక్కపెట్టించావు. "బయటికి లెక్కపెట్టని గెలుపు నీది కాదు" అన్నావు. నేను చేస్తున్నది అదే. దీనికి గురువువి నువ్వే.

ఏం జరిగినా ఫోను చెయ్యకు. ఉత్తరం రాయి. ఫోన్లో నీ గొంతు విని తట్టుకోలేను.

నీ విన్

*

హస్కెల్ ఫోర్డ్
ఏప్రిల్ 21, 1974

ఒరేయ్ నా బంగారు కొండా,

కూర్చుని చదువు. నేనూ కూర్చునే రాస్తున్నాను, నిలబడే ఓపిక లేదు.

నిన్న పొద్దున్నే లేచి చూస్తే వాన. చుట్టుదారిలో కారు పోదని తేలిపోయింది. ఇక ట్రాక్టర్లు బయటికొచ్చాయి. గడ్డి బళ్ళ మీద కుర్చీలు కట్టి అవతలివాళ్ళు వచ్చారు. రోడా దుప్పటి కప్పుకుని మా అల్లుడి ట్రాక్టరు వెనక మహారాణిలా దిగింది. పక్షవాతంతో మూడేళ్ళుగా గడప దాటని బడి మాస్టారిని నలుగురు కుర్చీతో సహా మోసుకొచ్చారు. టౌన్‌హాల్లో నేల కనపడలేదు, బురదే. చర్చి ఆడవాళ్ళు బీన్సు అయిపోయి మూడోసారి వండారు.

చర్చ ముగిసేసరికి మధ్యాహ్నం రెండు. క్లర్కు చేత సమయం రాయించాను. ఖాళీ పెట్టె తెరిచి అందరికీ చూపించి, తాళం వేసి, బల్ల మీద పెట్టాను. ఒక్కొక్కరే పేరు చెప్పడం, జాబితాలో గుర్తు పెట్టించుకోవడం, చీటీ వెయ్యడం. అరగంట అయ్యేసరికి వచ్చినవాళ్ళందరూ వేసేశారు. నేనూ వేశాను. క్లర్కు నా చెవిలో చెప్పింది. రెండు వందల మూడు.

ముగ్గురు తక్కువ. ఒరేయ్, ముగ్గురు. నాకు తల ప్రాణం తోకకొచ్చింది. కుర్రాళ్ళు కార్లేసుకుని ఇవతలి ఇళ్ళమీద పడ్డారు. ఒకరికి జ్వరం, ఒకరు ఊళ్ళో లేరు, ఒకాయన తలుపే తియ్యలేదు. రోడా గోడ గడియారం కింద బెంచీ మీద కూర్చుని పొట్ట మీద చేతులు వేసుకుని నా వైపే చూస్తోంది. నేను మోడరేటర్ని. ఎవరినీ బతిమాలకూడదు, మొహంలో ఏదీ కనిపించకూడదు. నాకు నువ్వు గుర్తొచ్చావు రా. బాస్టన్‌లో ఆ గదిలో నువ్వు ఎలా కూర్చుని ఉంటావో అప్పుడు అర్థమైంది.

మూడు కావడానికి కొద్ది నిమిషాలున్నాయనగా బయట ట్రాక్టరు చప్పుడు. తలుపు తెరుచుకుంది. ఎబెన్ స్టిక్నీ గారు. నడుం దాకా బురద, నెత్తి మీంచి నీళ్ళు, చేతిలో ఆ బంగారు పిడి కర్ర. వెనక కొడుకు, కోడలు. దారిలో కూరుకుపోయి పొద్దుట్నుంచీ లాక్కుంటూ వచ్చారట.

ఆయన గుమ్మంలోనే నిలబడి, చెవి మిషను సర్దుకుని, ఎంతమంది వేశారని గట్టిగా అడిగారు. చెప్పాను. ఎంత కావాలని అడిగారు. అదీ చెప్పాను. కొడుకు వంక చూసి, కోడలి వంక చూసి, వేళ్ళు ముడిచి లెక్కపెట్టుకుని, నవ్వారు.

"నేను ఇంట్లో కూర్చుంటే గెలిచేవాణ్ణి అమ్మాయ్" అన్నారు. "కానీ దాక్కుని గెలిస్తే అది గెలుపా? పోయినసారి నన్ను సరిగ్గా అడగలేదు. ఈసారి అడిగావు. అడిగినప్పుడు వచ్చి జవాబు చెప్పాలి."

బల్ల దగ్గరికొచ్చి చీటీ తీసుకుని, "కాదనే రాస్తున్నాను" అని అందరికీ వినపడేలా అన్నారు. ఇది రహస్య ఓటు ఎబెన్ గారూ, గట్టిగా అనకండి అన్నాను. "రహస్యం కావాల్సినవాళ్ళకి రహస్యం. నాకేం భయం?" అన్నారు. కొడుకూ కోడలూ మాత్రం చెయ్యి అడ్డం పెట్టుకుని రాశారు. మూడూ పెట్టెలో పడ్డాయి. గడియారం మూడు కొట్టేదాకా ఆగి పెట్టె మూశాను.

రెండు వందల ఆరు చీటీలు. ఔనన్నవి నూట అరవై ఒకటి. కాదన్నవి నలభై అయిదు. క్లర్కు రెండుసార్లు లెక్కపెట్టింది. బయటికి, గట్టిగా, నీకు పేకముక్కలు లెక్కపెట్టించినట్టే.

సుత్తి కొట్టాను. కొట్టాక ఏం జరిగిందో నాకు సరిగ్గా తెలియదు, అందరూ ఏడుస్తూ నవ్వుతూ ఉన్నారు. రోడా నన్ను వాటేసుకుంది. ఎబెన్ గారు మాత్రం ఒక మూల కూర్చుని తాపీగా బీన్సు తిన్నారు. దగ్గరికెళ్ళి, మీరు రాకపోతే ఈ వంతెన లేదు అన్నాను. "తెలుసు. ఆవముద్ద గిన్నె ఇటు జరుపు" అన్నారు.

ఆ గంట లేకపోతే ఆయన బురదలో ఉండగానే అంతా అయిపోయేది. ఆలస్యంగా వచ్చేవాడి కోసమని నువ్వు రాశావు. నిన్ను తిట్టిన తిట్లన్నీ వాపసు. చేతికి మట్టి అంటని సలహా అన్న మాట కూడా రోడా వాపసు తీసుకుంది.

కాగితాలు క్లర్కు రేపు పంపుతుంది. ఈసారి నిదానంగా చదువు. ఎక్కడైనా తప్పుంటే చెప్పు, భయపడకు.

నీ పెద్దమ్మ

*

బాస్టన్
ఏప్రిల్ 26, 1974

పెద్దమ్మా,

కాగితాలు మొదటి నుంచి చివరిదాకా చదివాను. తప్పు వెతకాలని గట్టిగా చూశాను. దొరకలేదు. మిస్టర్ లోథ్రాప్ కూడా చదివి, "ఈ మోడరేటర్ ఎవరోగానీ ఆవిడకి నా నమస్కారాలు చెప్పు" అన్నారు. మా పెద్దమ్మ అని చెప్పుకుని కాలర్ ఎగరేశాను.

సంతకం అయింది. నా సంతకాల్లో ఇంత అందంగా వచ్చింది ఇంకోటి లేదు.

పాకం డబ్బా మూత ఇవాళ తీశాను.

నీ విన్

*

హస్కెల్ ఫోర్డ్
అక్టోబరు 13, 1974

ఒరేయ్ విన్,

నిన్న వంతెన తెరిచాం. నువ్వు కేసు మధ్యలో చిక్కుకుని రాలేకపోయావని రోడా అలిగింది గానీ, పిల్ల ఫొటోలు చూడగానే నువ్వు పరిగెత్తుకొస్తావని నేను సర్దిచెప్పాను. దానికి నెల కూడా నిండలేదు. పురుడు రోజులు దగ్గరపడగానే రోడాని ముందే ఇవతలికి తెచ్చేసి, మా ఇంట్లోనే ఉంచుకున్నాను. వంతెన తెరిచిన రోజే పిల్లని తీసుకుని సొంతింటికి నడుస్తానని అది పంతం పట్టింది. మా వంశం గదా.

వంతెన మీద ముందు ఎవరు నడవాలన్న చర్చ రాలేదు. ఊళ్ళో పెద్దవాళ్ళే నడవాలి, కర్ర ఎవరి చేతిలో ఉందో అందరికీ తెలుసు. ఎబెన్ గారు ఆదివారపు కోటు వేసుకుని వచ్చారు. రిబ్బను దగ్గర నిలబడి, "నేను వద్దన్నానని ఎవరూ మర్చిపోవద్దు" అని ముందే చెప్పి మరీ అడుగు పెట్టారు. బ్యాండువాళ్ళు వాయించడం మొదలుపెట్టారు. ఆయన నడకకి ఆ పాట చాల్లేదు, మళ్ళీ మొదటి నుంచి వాయించారు.

సరిగ్గా మధ్యలో ఆగిపోయారు. కర్రతో పలక మీద రెండు దెబ్బలు కొట్టి చూశారు. వెనక్కి తిరిగి, ఈ అప్పు తీరడానికి ఎన్నేళ్ళని నన్ను అడిగారు. ఇరవై అని చెప్పాను.

"అయితే నేను నూట పదకొండేళ్ళు బతకాలన్నమాట" అన్నారు. "అప్పు పెట్టి పోవడం మా ఇంటా వంటా లేదు."

ఊరు ఊరంతా నవ్వింది. మిల్లు యజమాని నవ్వి నవ్వి కూర్చుండిపోయాడు. గుడ్లు అమ్మే ఆవిడ కూడా నవ్వుతోంది. ఆవిడ చీటీ మీద ఏం రాసిందో నాకు ఇప్పటికీ తెలియదు, తెలుసుకోను కూడా.

అవతలి ఒడ్డున ఆయన ముందుకు పోకుండా రోడా కోసం ఆగారు. పిల్ల మొహం మీద దుప్పటి తొలగించమన్నారు. చాలాసేపు చూశారు. చెవి మిషను పెట్టుకున్నాక ఆయన మెల్లగా మాట్లాడుతున్నారు, అందుకే పక్కనున్న నాకూ రోడాకీ తప్ప ఎవరికీ వినపడలేదు.

"నిన్నెవరూ అడగలేదు గదమ్మా" అన్నారు పసిదానితో. "అందుకే నీ బదులు నేను వద్దని వేశాను. ఇక నడు, ఇల్లు చేరు."

రోడా పిల్లతో ఆయన చెయ్యి పట్టుకుని ఇంటిదాకా నడిచింది. నేను వంటింటి కిటికీలోంచి చూసే పొగగొట్టం కింద, ముగ్గురూ లోపలికి వెళ్ళి తలుపు వేసుకోవడం వంతెన మీంచి కళ్ళారా చూశాను.

నువ్వు వచ్చేటప్పుడు పక్క ఊరు చుట్టి రాకు. తిన్నగా రా.

ప్రేమతో,
నీ పెద్దమ్మ